ముందు పేపర్ చదవండి

ఊబకాయం మీద పరిశోధన చేసే డాక్టర్ ఉద్యోగానికో ప్రమోషన్‌కో దరఖాస్తు పెడితే ఎన్ని పరిశోధన పేపర్లు అచ్చయ్యాయి, ఎన్ని సైటేషన్లు (ఇతర పరిశోధకులు వాటిని ప్రస్తావించిన సార్లు) వచ్చాయి, ఈ రెండూ కలిపి వేసే స్కోరైన హెచ్-ఇండెక్స్ ఎంత అన్నవే ముందు చూస్తున్నారు. ఆ పేపర్లు ఏం తేల్చాయన్న ప్రశ్న ఆఖరికి వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. కనీసం తెలంగాణలోనైనా ఈ పద్ధతి మారాలి.

తెలంగాణ అని ప్రత్యేకించి అనడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఇక్కడ మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం. దేశం మొత్తం మీద ఈ అంకెలు 24, 22.9 మాత్రమే. పైగా ఈ సర్వే బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె, 25 లేదా ఆపైన ఉన్నవారినే లెక్కలోకి తీసుకుంది. ఆసియా వాసులకు 23 నుంచే ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. ఇంత భారం మోస్తున్న రాష్ట్రానికి మంచి పరిశోధకులు కావాలి. వాళ్లను ఎంచుకునే తీరు సరిగ్గా ఉండాలి.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన జార్జ్ హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. 20 పేపర్లలో ఒక్కోదాన్ని కనీసం 20 సార్లు ఇతరులు ప్రస్తావిస్తే ఆ పరిశోధకుడి హెచ్-ఇండెక్స్ 20. సులువైన లెక్కే. కానీ అది వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎవరు ఎంత పని చేశారో కూడా చెప్పదు. ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఊబకాయంతో ఉన్నారని 2024లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో 1,500 మందికి పైగా పరిశోధకులు పాలుపంచుకున్నారు. అది చాలా అవసరమైన పని. అయితే వందల పేర్లున్న పేపర్‌కు ఒక సైటేషన్ వస్తే, దాన్ని రూపొందించినవారికీ, ఒక ఊరి డేటా పంపినవారికీ ఒకే లెక్కన జమ అవుతుంది.

హైదరాబాద్‌లో జరిగిన ఒక పనిని గుర్తు చేస్తాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా నగరం చుట్టుపక్కల 29 గ్రామాల్లో అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు టీనేజ్‌లోకి వచ్చాక, 2003-05లో, వాళ్లను వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించారు. ఫలితాలు 2008లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చాయి. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు అంతగా బిరుసెక్కలేదు. ఒంట్లో కొవ్వు విషయంలో మాత్రం రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. బక్కచిక్కిన పిల్లలకు తిండి పెడితే రేపు లావెక్కుతారేమోనన్న సందేహం ఉన్న దేశంలో ఈ మాట ఎంత విలువైనదో అంగన్‌వాడీ టీచర్‌ని అడిగినా చెబుతుంది.

మొదటి ముద్ద నుంచి ఆ పేపర్ దాకా 21 ఏళ్లు పట్టింది. 1995లో ఎవరైనా దీని సైటేషన్లు లెక్కపెట్టి ఉంటే ఈ జవాబు రాబోతోందని ఊహించగలిగేవారా? మూడేళ్లలో ప్రమోషన్‌కి పేపర్లు చూపించాలన్న టెన్షన్‌లో ఉన్న యువ డాక్టర్ ఈరోజు ఇలాంటి పని మొదలుపెట్టడు. త్వరగా అచ్చయ్యే చిన్న సర్వే చేసుకుంటాడు. తప్పు అతనిది కాదు.

ఈ ఒత్తిడి ఎక్కడికి తీసుకెళ్తుందో ప్రపంచం చూసింది. తప్పులో, మోసాలో బయటపడి 2023 ఒక్క ఏడాదిలోనే 10 వేలకు పైగా అచ్చయిన పేపర్లను జర్నళ్లు వెనక్కి తీసుకున్నాయి.

వైద్య కళాశాలల్లో ప్రమోషన్‌కి పేపర్లు ఉండాలన్న జాతీయ వైద్య కమిషన్ నిబంధనను ఎత్తేయమని మేం అనడం లేదు. పరిశోధన చేయని బోధన ఎండిపోతుంది. మేం అడిగేది ఎంపిక కమిటీలు చేయగలిగిన పనే. అభ్యర్థి తన మంచి పేపర్లు ఐదు ఇవ్వాలి, ఒక్కోదాంట్లో తాను స్వయంగా ఏం చేశాడో అరపేజీలో రాయాలి. కమిటీ వాటిని చదివి ఇంటర్వ్యూకి రావాలి. పదేళ్లు, ఇరవై ఏళ్లు సాగే అధ్యయనాల్లో ఉన్నవారికి ఇంకా అచ్చుకాని పనికీ, ఊళ్లలో సేకరించిన డేటాకూ గుర్తింపు ఇవ్వాలి. ఆరోగ్య శాఖ ఈ మార్పును వచ్చే నియామకాల నోటిఫికేషన్‌లోనే పెట్టాలి.