బావగారు, పందులు, త్రీ హండ్రెడ్ మాగ్నమ్

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ముందు ఇల్లు కొంటారు. తర్వాత అద్దెకివ్వడానికి ఇంకో ఇల్లు కొంటారు. ఆ తర్వాత పొలం కొంటారు. మా బావగారు మూడో మెట్టు ఎక్కింది కిందటేడు. గ్రీన్‌విల్ దాటాక పదెకరాలు, తూర్పు ముఖం, ఈశాన్యంలో చిన్న చెరువు. వాస్తుకి ఇంతకన్నా మంచి స్థలం దొరకదని మార్కాపురం సిద్ధాంతిగారు వీడియో కాల్‌లోనే తేల్చేశారు. గోంగూర, దోస, బీర వేశారు. దోసపాదు కాపుకొచ్చేసరికి అడవి పందులు దిగాయి. అవీ ఈశాన్యం నుంచే వచ్చాయి.

టెక్సస్‌లో అడవి పందులు లక్షల్లో ఉన్నాయి. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు తెచ్చిన పందుల సంతానానికి తర్వాత వచ్చిన రకాలు కలిసి, ఇవాళ ఎవరి మాటా వినని జాతి తయారైంది. అవి కాయలు తిని ఊరుకోవు. మూతితో నేలని అడుగు లోతున తవ్వేస్తాయి. తెల్లారి వెళ్ళి చూస్తే పాదు ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి బావగారికి డ్రిప్ పైపే ఆధారమైంది, అదీ రెండు ముక్కలై కనిపించింది.

విషయం మా అమ్మకి తెలిసింది. నల్లమల పక్కన పుట్టి పెరిగిన మనిషి, పందులు ఆమెకి కొత్తేం కాదు. "అల్లుడు గారూ, చేను చుట్టూ పాత చీరలు కట్టండి. మా వైపు శనగ చేలకి అదే కడతారు. మనుషులున్నారనుకుని రావు" అంది.

"అత్తయ్యగారూ, ఇది అమెరికా" అన్నారు బావగారు. ఆ మాటతో చీరల సంగతి మూలపడింది, తుపాకీ సంగతి మొదలైంది.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. సొంత పొలంలో అడవి పందిని కాల్చడానికి టెక్సస్‌లో 2019 నుంచీ వేట లైసెన్స్ అక్కర్లేదు. కానీ హెచ్-1బి మీదున్న మనిషి తుపాకీ కొనాలంటే మాత్రం, చేతిలో వేట లైసెన్స్ ఉండాలి. ఫెడరల్ చట్టం వలసేతర వీసాల వాళ్ళకి తుపాకీ వద్దంటూనే ఆ కిటికీ తెరిచి ఉంచింది. అంటే పందికి అక్కర్లేని కాగితం మనిషికి కావాలి. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్ళు వేటగాళ్ళ పాఠం కూడా పాసవ్వాలి. బావగారు ఆ పరీక్ష ఆన్‌లైన్‌లో రాసి, 25 డాలర్లు కట్టి లైసెన్స్ తెచ్చుకున్నారు. గ్రీన్ కార్డు క్యూలో జుట్టు నెరిసిపోయింది, వేట కార్డు మాత్రం ఒక్క పూటలో వచ్చింది. దాన్ని పర్సులో పిల్లల ఫొటోల ముందు పెట్టుకున్నారు.

ఇక ఎక్సెల్ షీటు. మా బావగారు డేటాబేస్ మనిషి. మైక్రోవేవ్ కొన్నా షీటు వేస్తారు. రైఫిల్‌కి వేయకుండా ఉంటారా? తూటా వేగం, శక్తి, భుజానికి తగిలే తన్ను, పెట్టె ధర, అన్నిటికీ తలా ఒక కాలమ్. ఆయనకి తలనొప్పి తెచ్చింది మాత్రం కేవలం తూటాల పేర్లు.

"పాయింట్ థర్టీ-ఆట్-సిక్స్ అంటే ఏంటో తెలుసా?" అని నన్ను రాత్రి పదకొండింటికి లేపారు. "ముప్పై అంటే గొట్టం కొలత, అంగుళంలో ముప్పై వందో వంతులు. సిక్స్ అంటే 1906. సంవత్సరం! మరి థర్టీ-థర్టీలో రెండో ముప్పై?"

"1930యా బావా?"

"కాదు! మొదట్లో అందులో పోసిన మందు బరువు, ముప్పై గ్రెయిన్లు. టూ సెవెంటీ తూటా కొలిస్తే టూ సెవెంటీ సెవెన్ వస్తుంది. త్రీ నాట్ ఎయిట్‌కీ, థర్టీ-ఆట్-సిక్స్‌కీ తూటా లావు ఒకటే, పేరు మాత్రం వేరు. ఏ కాలమ్‌కి ఏ డేటా టైప్ ఇవ్వమంటావయ్యా?"

హైదరాబాద్ పాతబస్తీలో ఇంటి నంబర్లు పట్టుకుని కొరియర్ ఇవ్వడానికి తిరిగేవాడి గొంతులో ఉండే బాధ అది. పాపం, ఎవరికి ఎలా తోస్తే అలా నూట పాతికేళ్ళ నుంచీ పేర్లు పెట్టుకుంటూ పోయారు. ప్రైమరీ కీ గురించి ఎవరూ ఆలోచించలేదు.

యాక్షన్ దగ్గర, అంటే తూటాని లోపలికి ఎక్కించే యంత్రాంగం దగ్గర ఇంకో గొడవ. బావగారి మనసు లీవర్ మీద ఉంది. కృష్ణగారి కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన తరం కదా, కిందున్న కొక్కెం చటుక్కున లాగి వదిలితే వచ్చే చప్పుడు కోసం వెయ్యి డాలర్లు పెట్టడానికైనా సిద్ధం. బుద్ధి మాత్రం బోల్ట్ యాక్షన్ అంది. గుండు గుండుకీ చేత్తో గడియ తీసి వేయాలి, నెమ్మదే, కానీ నిర్మాణం గట్టిది, గురి బాగుంటుంది. సెమీ ఆటోమేటిక్ కాలమ్‌ని అక్క వచ్చి డిలీట్ చేసింది. కారణం అడగలేదు ఎవరూ.

షాపుకి నన్ను సాక్షిగా తీసుకెళ్ళారు. కౌంటర్ వెనక తెల్ల మీసాల పెద్దాయన. బావగారు లాప్‌టాప్ తెరిచారు. ఆయన మర్యాదగా కాసేపు స్క్రీన్ చూసి, దాన్ని మెల్లగా మూసి, గాజు బల్ల మీద నాలుగు తూటాలు వరసగా నిలబెట్టాడు. టూ ఫార్టీ త్రీ, త్రీ నాట్ ఎయిట్, థర్టీ-ఆట్-సిక్స్, చివర బొద్దుగా, అడుగున పట్టీ ఉన్నది త్రీ హండ్రెడ్ విన్‌చెస్టర్ మాగ్నమ్. రెండోదానికీ మూడోదానికీ ఇత్తడి గొట్టంలో అరంగుళం తేడా, అందుకే ఒకటి షార్ట్ యాక్షన్, ఇంకోటి లాంగ్ యాక్షన్ అని వేలితో కొలిచి చూపించాడు.

"దేన్ని కాలుస్తారు?"

"పందుల్ని."

"ఎంత దూరం నుంచి?"

"ఎనభై గజాలు."

"అయితే ఈ నాలుగింట్లో ఏదైనా చాలు" అన్నాడు. బావగారి ముఖం చూడాలి. నెలల తరబడి కట్టిన షీటు ఒక్క వాక్యంలో కూలిపోయింది.

లీవర్ సంగతి అడిగితే దాని చిక్కూ చెప్పాడు. తూటాలు నింపే గొట్టంలో అవి ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, ముక్కు కోసుగా ఉంటే ముందున్న తూటా వెనక భాగాన్ని పొడిచి పేల్చే ప్రమాదం ఉంది, కాబట్టి మొద్దు ముక్కువో, మెత్తటి ముక్కువో వాడాలి. వరసగా నిలబడ్డవాళ్ళు ఒకర్నొకరు పొడుచుకునే వ్యవహారం ఆఫీసులో చాలానే చూశారు కాబట్టి, బావగారు లీవర్ వదిలేశారు.

అప్పుడు పెద్దాయన రెండు అరచేతులూ చాపి మధ్యలో సందు పెట్టి గోడ గడియారం చూడమన్నాడు, ఒక్కో కన్నూ మూయమన్నాడు. తేలిందేమిటంటే బావగారికి గురి చూసేది ఎడమ కన్ను. రాసేదీ ఎడమ చేత్తోనే. అన్నం మాత్రం కుడి చేత్తో తింటారు, అది వాళ్ళ నానమ్మ గరిటె దెబ్బల పుణ్యం. మామూలు బోల్ట్ రైఫిళ్ళకి పిడి కుడివైపు ఉంటుంది. ఎడమవాటం వాళ్ళకి వేరే తయారుచేస్తారు, కానీ అన్నీ షాపుల్లో నిలవ ఉండవు.

పెద్దాయన లోపలికెళ్ళి వెతికి ఒక్కటే ఎడమచేతి రైఫిల్ పట్టుకొచ్చాడు. త్రీ హండ్రెడ్ మాగ్నమ్. ఎవరో ఆర్డర్ ఇచ్చి తీసుకోలేదట, అందుకని డిస్కౌంట్ కూడా ఉంది.

"పందికి ఇది చాలా ఎక్కువ" అని ఆయనే చెప్పాడు. "మీకు కావలసింది వారంలో తెప్పిస్తాను."

డిస్కౌంట్ అన్న మాట విన్నాక తెలుగువాడికి మిగతా వాక్యం వినపడదు. "స్కేలబిలిటీ ముఖ్యం" అన్నారు బావగారు. "రేపు ఎల్క్ వేటకి కొలరాడో వెళ్ళామనుకో?" జన్మలో ఈగని తప్ప వేటాడని మనిషి. అదీ ప్లాస్టిక్ బ్యాట్‌తో. తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ఫారం 4473 నింపారు, వేట లైసెన్స్ చూపించారు, తుపాకీ భద్రంగా దాచే ఇనప్పెట్టె కూడా కొన్నారు. డిస్కౌంట్ అందులో కొట్టుకుపోయింది.

ఆదివారం తుపాకీ సాధన చేసే రేంజ్‌కి వెళ్ళాం. త్రీ నాట్ ఎయిట్‌తో పోలిస్తే మాగ్నమ్ తన్ను ఇంచుమించు ఒకటిన్నర రెట్లు, అది ఆయన షీటులోనే ఉంది. కంటికీ, తుపాకీ మీద గురి చూసే దుర్బీను స్కోప్‌కీ మధ్య మూడున్నర అంగుళాలు వదలమని పెద్దాయన చెప్పిందీ నోట్స్‌లో ఉంది. కానీ ఇరవై ఏళ్ళుగా అక్షరాలు కనిపించకపోతే స్క్రీన్‌లోకి దూరడమే అలవాటు. గురి సరిగ్గా కనిపించలేదని బావగారు మెడ ముందుకి సాచారు. ఇంకొంచెం సాచారు. నేను "బావా..." అనేలోపు ఢాం అంది.

గుండు ఎటు పోయిందో గానీ, స్కోప్ అంచు వచ్చి ఎడమ కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో ముద్ర వేసింది. రేంజ్ ఆఫీసర్ కంగారేమీ పడలేదు, గాజుగుడ్డ జేబులోంచి తీశాడు. మాగ్నమ్ వాడేవాళ్ళకి ఇది మామూలేనట, దానికి పేరు కూడా ఉంది, "స్కోప్ బైట్". నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు పొద్దున వీడియో మీటింగ్‌లో కెమెరా పాడైందని చెప్పారు. సాయంత్రం గుళ్ళో సత్యనారాయణ వ్రతానికి మాత్రం ఆ సాకు పనిచేయలేదు. పంది దాడి చేసిందని ఎవరో ప్రచారం చేశారు, బావగారు ఖండించలేదు. ప్రసాదం క్యూలో ఆయన్ని ముందుకి పంపించారు కూడా.

కుట్లు మానాక పొలానికి వెళ్ళాం. సాయంత్రం నుంచీ మంచె లాంటి డెక్ మీద కూర్చున్నాం. చీకటి పడ్డాక పందులు వచ్చాయి, గుర్రుమంటున్నాయి, దగ్గరే ఉన్నాయి. బావగారు స్కోప్‌లో చూశారు. కుడికి తిప్పి, ఎడమకి తిప్పి చూశారు.

"ఏం కనిపిస్తోంది బావా?"

"నలుపు."

ఎండాకాలంలో పందులు ఎక్కువగా రాత్రిళ్ళే తిరుగుతాయి. ఈ స్కోప్ పగటిది. షీటులో అన్ని కాలమ్‌లున్నాయి, రాత్రికి మాత్రం కాలమ్ లేదు. ఏమున్నదో కనపడనిదే ట్రిగ్గర్ ముట్టకూడదని వేటగాళ్ళ పాఠంలో నేర్చుకున్నారు కాబట్టి, తుపాకీ దించి, మొక్కజొన్న కండె తింటూ ఆ నమిలే చప్పుడు వింటూ కూర్చున్నారు. మిగిలిన బీరపాదు ఆ రాత్రే అయిపోయింది.

రెండ్రోజులకి పక్క పొలం ముసలాయన ట్రైలర్ మీద పెద్ద ఇనప బోను తెచ్చి, లోపల మొక్కజొన్నలు పోసి వెళ్ళాడు. తెల్లారేసరికి తల్లీ పిల్లలూ అందులో ఉన్నాయి. బావగారి రైఫిల్ చూసి ఆయన "ఇటువైపు ఏనుగులు కూడా వస్తున్నాయా?" అని మాత్రం అడిగాడు.

ఆ రాత్రే బావగారు షీటులో కొత్త ట్యాబ్ తెరిచారు, "థర్మల్ స్కోపులు" అని పేరు పెట్టి. అవి చీకట్లో ఒంటి వేడిని పట్టి చూపిస్తాయి. అక్క వెనక నిలబడి మొదటి వరసలో ధర చదివింది.

"ఆ పక్కన ఇంకో కాలమ్ వేయండి" అంది. "ఇండియన్ స్టోర్లో ఆ డబ్బుకి దోసకాయలు ఎన్ని వస్తాయో."