చాలు

మా కుక్క చుక్క బరువు 4 కిలోలు. అందులో మూడున్నర కిలోలు గొంతేనని నా అనుమానం. ఎడమ కంటి మీద నల్లటి మచ్చ ఉందని ఆ పేరు పెట్టాం. కాలింగ్ బెల్ మోగితే మొరుగుతుంది. పక్కింటి బెల్ మోగినా మొరుగుతుంది. లిఫ్ట్ ఆగితే, కుక్కర్ కూత వేస్తే, నేను చెప్పులు విడిస్తే, మళ్ళీ తొడుక్కుంటే మొరుగుతుంది. ఒకసారి తనే తుమ్మి, ఎవరా అని ఇల్లంతా వెతికి మరీ మొరిగింది.

తప్పు దానిది కాదట. వెటర్నరీ డాక్టర్ చూసి, ఇందులో టెర్రియర్ రక్తం ఉందన్నారు. బొరియల్లో దూరి, నక్క ఎక్కడ దాక్కుందో పైనున్న వేటగాడికి తెలిసేలా మొరగడానికి పెంచిన జాతులు అవి. అంటే చుక్క లెక్కలో అది డ్యూటీ చేస్తోంది. ఇంట్లో నక్క లేకపోవడం మా లోపం.

మొదట్లో అందరిలాగే నేనూ అరిచాను. అది ఒక్క 'భౌ' అంటే నేను రెండు 'నోర్ముయ్'లు. దానికి ఎక్కడలేని హుషారు వచ్చింది. మనం తిడుతున్నామని కుక్కకేం తెలుసు? ఇంటాయన కూడా గొంతు కలిపాడంటే విషయం సీరియస్సే అనుకుంటుంది. అది కథ చెబుతుంటే నేను వంత పాడానన్నమాట. పార్శిల్ అబ్బాయి సంగతి ఇంకా ఘోరం. అతను వస్తాడు, ఇది మొరుగుతుంది, అతను వెళ్ళిపోతాడు. ఇచ్చేది ఇచ్చేసి వెళ్ళాడని మనకు తెలుసు. చుక్క రికార్డుల్లో మాత్రం ఇంతవరకు ఒక్క శత్రువూ గుమ్మం దాటలేదు.

తర్వాత పట్టించుకోవడం మానేశాం. ప్రయోజనం లేదని తెలిస్తే అదే ఊరుకుంటుందని. సూత్రం మంచిదే. కాకపోతే ఊరుకునే ముందు ఒకసారి రెచ్చిపోతుందని, ఆ గండం దాటితేనే ఫలితమని నేను ఆలస్యంగా చదివాను. రాత్రి బెడ్‌రూమ్ తలుపు బయట నిలబడి మొదలుపెట్టింది. మేమిద్దరం దుప్పటి కప్పుకుని పళ్ళ బిగువున పడుకున్నాం. 5 నిమిషాలు. 10 నిమిషాలు. 2012లో ఆస్ట్రేలియాలో ఒక గోల్డెన్ రిట్రీవర్ 113.1 డెసిబెల్స్ మొరిగి గిన్నిస్‌లోకి ఎక్కింది. ఆ మీటరు ఆ రాత్రి మా ఇంట్లో లేకపోవడం దాని అదృష్టం. 11వ నిమిషంలో లేచి తలుపు తీశాను. 11 నిమిషాలు మొరిగితే తలుపు తెరుచుకుంటుందని నేర్పిన మహానుభావుణ్ణి నేనే. మర్నాడు రాత్రి అది ఏ కంగారూ లేకుండా, ప్రమోషన్ ఎప్పుడొస్తుందో తెలిసిన ఉద్యోగిలా మొరిగింది.

ఇక లాభం లేదని ట్రైనర్‌ని పిలిచాం. ఆయన పద్ధతి తేలికే. కుక్క ఎంత మొరిగినా ఊపిరి పీల్చుకోడానికి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆ సందులో ఒక మాట అనాలి, ఒకట్రెండు సెకన్లలోపు బిస్కెట్ ముక్క నోట్లో పడాలి. ఆలస్యమైతే అది దేనికిచ్చారో దానికి అర్థం కాదు. మాట మాత్రం ఇంట్లో అందరూ ఒకటే వాడాలి. మేం 'చాలు' అని పెట్టుకున్నాం. చిన్న మాట, నోరు తిరిగే మాట. ఇంకేం ఆలోచించలేదు.

జేబులో బిస్కెట్ ముక్కలు పోసుకుని కూర్చున్నాను. ఫోన్‌లో రికార్డు చేసిన బెల్ శబ్దం సన్నగా పెట్టాను. చుక్క మొరిగింది, మొరిగింది, ఆగింది. కుడి చెవి కొస కొంచెం వంగింది. నోరు సగం తెరిచే ఉంది, లోపల ఇంకో 'భౌ' సిద్ధంగా ఉన్నట్టు గొంతు కదులుతోంది. "చాలు" అన్నాను. నోరు మూసింది. ముక్క పెట్టాను. ఆ క్షణంలో నేను పడ్డ గర్వం నా పెళ్ళినాడు కూడా పడలేదు. (ఈ వాక్యం మా ఆవిడ చదవదని ధైర్యం.)

రెండు వారాలు ఇల్లు స్వర్గం. మూడో వారం ఒక సాయంత్రం బెల్ మోగలేదు, లిఫ్ట్ ఆగలేదు. చుక్క నా ఎదురుగా వచ్చి కూర్చుని, మర్యాదగా "భౌ" అని ఒక్కటే అని, నా జేబు వైపు చూసింది. నేను అలవాటుగా "చాలు" అన్నాను. ముక్క పెట్టాను. అది వెళ్ళి ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ "భౌ" అంది.

ట్రైనర్‌కి ఫోన్ చేస్తే నవ్వాపుకోలేకపోయాడు. మొరిగి ఆగినందుకు వెంటనే ఇవ్వొద్దని, 3 సెకన్లు, 5, 10 అని మౌనాన్ని పొడిగిస్తూ ఇవ్వాలని, అసలు ఊరికే కూర్చున్నప్పుడే ఎక్కువ ఇవ్వాలని చెప్పాడు. అదీ దారిలో పడుతుండగా మా ఆవిడ వాళ్ళ బాబాయ్ భోజనానికి వచ్చారు.

వడ్డన మొదలైంది. "చాలమ్మా" అన్నారాయన. హాల్లో పడుకున్న చుక్క తలెత్తింది. "అదేంటి బాబాయ్, ఇంకొంచెం" అంది మా ఆవిడ. "చాలు, చాలు, చాలు!" ఇంకేముంది, మూడు చాలులకి మూడు ముక్కలు రావాలిగా. పరుగున వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఎవరూ ఏమీ పెట్టలేదు. ఒక క్షణం ఆలోచించింది. లోపం ఎక్కడుందో పట్టేసింది: మొరగడం మర్చిపోయింది! ఆ లోటు తీర్చేలా మొరిగితే ఆయన చేతిలో ముద్ద కంచంలో పడింది. "చాలు!" అని గద్దించారు. టక్కున ఆగిపోయింది.

"అరె! నా మాట వింటుందే!" అని మురిసిపోయి ఆయన కంచంలోంచి ఒక ముక్క తీసి పెట్టేశారు. భోజనం అయ్యేలోపు ఆ అద్భుతాన్ని ఇంకో 6 సార్లు పరీక్షించి చూశారు.

మాట మార్చక తప్పలేదు. మా ఇంట్లో ఎవరి నోటా పొరపాటున కూడా రాని మాట కావాలి. 'నిశ్శబ్దం' అనుకున్నాం గానీ, మొరుగుతున్నప్పుడు అరిస్తే నాకే నవ్వొచ్చింది. ఒకరోజంతా వెతికితే దొరికింది: 'ధన్యవాదాలు'. పెళ్ళయి ఇన్నేళ్ళలో మా ఇద్దరిలో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

నిన్న పార్శిల్ వచ్చింది. చుక్క అందుకుంది. నేను లోపల్నుంచి గట్టిగా "ధన్యవాదాలు!" అన్నాను. ఆగింది. పది లెక్కపెట్టి జేబులో చెయ్యి పెడుతుండగా తలుపు అవతల్నుంచి వినిపించింది: "అయ్యో, పర్లేదు సార్!"

చుక్క మళ్ళీ మొరిగింది.