జొన్న చచ్చింది నా వల్ల కాదు బావా

పొద్దున్నే కాఫీ కూడా గొంతులో పడలేదు, మా బావ గ్రూపులో ఫోటో పెట్టాడు. నిలువునా ఎండిపోయిన జొన్న. కింద ఒక ముక్క: "నువ్వు చెప్పినట్టే వేశాం, చూడు." పక్కన ఏడుపు బొమ్మ. ఇంకేముంది, "అయ్యో", "ఎంత పోయింది?", "మనకెందుకండీ ఈ వ్యవసాయాలు" అని పరామర్శలు మొదలు. ఎవరో పోయినట్టు.

నేను చెప్పినట్టేనట!

మార్చిలో నేను అంత పొడుగు మెసేజ్ రాస్తే బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్న మనిషి ఈయన. చదివుంటే కదా. అందుకే ఇక్కడ రాస్తున్నా, కనీసం మీరైనా చదువుతారు.

తెలియనివాళ్ళ కోసం: అమెరికాలో మధ్య జార్జియాలో మేం కొన్ని కుటుంబాలం కలిసి కొన్న భూమి ఉంది. ఎర్రమట్టి, చుట్టూ పైన్ చెట్లు, మధ్యలో ఖాళీలు. (పదేళ్ళు అడవిగానో సాగుగానో అలాగే ఉంచుతామని కౌంటీకి, అంటే ఇక్కడి జిల్లాకి, ఒప్పందం రాసిస్తే ఆస్తి పన్ను తగ్గుతుందని కొన్నాం. జింకల మీద ప్రేమ తర్వాత పుట్టుకొచ్చింది. దాచేదేముంది.) సీజన్‌లో వేటగాళ్ళు కౌలుకి తీసుకుంటారు. వాళ్ళ కోసమే ఆ ఖాళీల్లో తెల్లతోక జింకలకి ఎండాకాలం మేత వేయాలి. ఇక్కడ దీన్ని ఫుడ్ ప్లాట్ అంటారు. మే నుంచి ఆగస్టు దాకా మగజింకకి కొమ్ములు పెరుగుతుంటాయి, ఆడజింక పిల్లకి పాలిస్తుంటుంది. సరిగ్గా అప్పుడే అడవిలో ఆకు ముదిరి పీచెక్కుతుంది. వాటికి కావాల్సింది మాంసకృత్తులు 16 శాతానికి తగ్గని మేత. అంటే పప్పుజాతి మొక్కలు. అలసంద, అనప, సోయా, జనుము.

ఇక్కడి షాపుల్లో లాబ్‌లాబ్ అని నిగనిగలాడే సంచిలో అమ్మేది మన అనపే. సంక్రాంతికి మదనపల్లె వైపు ఏ ఇంట్లో చూసినా నానబెట్టి, వేళ్ళతో నొక్కి తొక్క తీసి పితికిపప్పు చేస్తారే, అదే జాతి. ఇక్కడ దాని సంచి మీద పది కొమ్ముల జింక బొమ్మ ఉంటుంది, ధరకి కూడా కొమ్ములుంటాయి.

సరే, అసలు విషయం. ఈ పప్పుజాతి ఒక్కటే వేస్తే ఏమవుతుంది? మొలక రెండాకులేయగానే జింకలు వచ్చి కొరికేస్తాయి. చిన్న మడి అయితే వారంలో నేల నున్నగా అవుతుంది. సోయా అయితే మరీ అన్యాయం, మొలకని గింజలోంచి వచ్చే రెండు బద్దల కింద కొరికితే మళ్ళీ చిగురే రాదు. అందుకే తోడు పంట. ప్రతి పంటకీ ఒక పని ఉండాలి. అలసంద తొందరగా లేస్తుంది, కొరికినా మళ్ళీ చిగురిస్తుంది, కాబట్టి మొదటి దెబ్బ అది తింటుంది. ఈలోపు నింపాదిగా లేచే అనప వేరు పట్టుకుంటుంది. జొన్న మీద జింకకి మొదట్లో పెద్ద మోజుండదు, కాబట్టి అది బతికి నిలువుగా ఎదిగి, తీగలు పాకడానికి పందిరవుతుంది. చలికాలం ముందు కంకి గింజ పిట్టలకీ జింకలకీ కూడా. రోంగై రకం అనపకి పగలు బాగా తగ్గితే గానీ పూత రాదు, కాబట్టి మంచు పడేదాకా ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది. ఇంత లెక్క ఉంది ఇందులో. మా అవ్వకి ఇదంతా తెలుసు, ఆమె ఏ యూనివర్సిటీకీ పోలేదు.

మరి బావ ఏం చేశాడు? నేను విడివిడిగా గింజలు కొనమంటే, "అంతా కలిపే అమ్ముతున్నారు కదరా" అని కలిపిన సంచి తెచ్చాడు. ఎదర బొమ్మే గానీ వెనక చీటీ ఎవరు చూస్తారు! చట్టప్రకారం సంచి మీద కుట్టిన ఆ చిన్న చీటీలో ఏ విత్తనం ఎంత శాతమో ఉంటుంది. నేను ఫోటో తెప్పించుకుని చూశా. జొన్నా సజ్జా కలిపి సగం పైన. అనప ఎక్కడో అడుగున, పెళ్ళి పత్రికలో బంధుమిత్రుల అభినందనల్లాగా. అందులోనూ తూకంతో మోసం. పౌను అనప అంటే సుమారు 2 వేల గింజలు, పౌను జొన్న అంటే 15 వేల దాకా. తూకం సమానంగా ఉన్నా మొక్కలు ఏడు రెట్లు జొన్నే. ఎకరాకి జొన్న అయిదారు పౌన్లు దాటితే నీడ కమ్మి పప్పుజాతి పాలిపోతుంది. పందిరికి గుంజలు కావాలిగానీ గుంజల అడవి ఎందుకు?

అదీ పోనీ. జూన్‌లో గడ్డి లేచింది. లేస్తుంది, జార్జియా కదా. ఈ మహానుభావుడు షాపుకి పోయి "పప్పు మొక్కలు చావకుండా గడ్డి చచ్చే మందు ఇవ్వండి" అన్నాడట. వాళ్ళు నిజాయితీగా క్లెథోడిమ్ ఇచ్చారు. అది నిజంగానే అలసందని ముట్టుకోదు, గడ్డిని మాత్రం చంపుతుంది. బావా, జొన్న కూడా గడ్డిజాతే బావా! సజ్జా గడ్డిజాతే! కొట్టిన మందు దాని పని అది శుభ్రంగా చేసింది. నేను మార్చిలో రాసిన మెసేజ్‌లో నాలుగో పేరా ఇదే. తోడు పంట ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న జింక ఏం తింటుందని కాదు, రేపు కలుపు వస్తే ఏ మందు కొట్టగలం అని. మందు కొట్టక తప్పదనుకుంటే జొన్న మానేసి పొద్దుతిరుగుడు పెట్టుకోవాలి, అది వెడల్పాకు జాతి, క్లెథోడిమ్‌కి చావదు, తీగకి ఊతం కూడా. జొన్నే కావాలంటే విడిగా ఒక పట్టీలో వేసుకోవాలి. వెడల్పాకు కలుపు వస్తే మాత్రం ఇలాంటి కలగలుపు మడికి సరిపడే మందు దొరకడం కష్టం. పామర్ తోటకూర అని ఒకటుంది ఇక్కడ, మన తోటకూర చుట్టమే, మనిషెత్తు దాటుతుంది. గ్లైఫోసేట్ అనే పేరున్న కలుపు మందుకి చావని రకం మొదట బయటపడింది ఈ జార్జియాలోనే. అది వచ్చిందంటే వంగి చేత్తో పీకడమే. పీకుతారా మనవాళ్ళు? నడుము నొప్పులు, వీకెండ్ పార్టీలు.

ఇంకో ఆయన మధ్యలో దూరి, "జనుము వేస్తే జింకలు తినవంట కదా" అని సందేహం. తింటాయి సార్. లేత ఆకు బాగా తింటాయి. రెండు నెలల్లో తలెత్తి చూడాల్సినంత ఎత్తు పోయి కాండం నారకడుతుంది, అందుకని మధ్యలో ఒకసారి నడుమెత్తున కోసేస్తే పక్కకొమ్మలు వేస్తుంది. గుళ్ళో కలిసిన ఇంకో పెద్దాయన అయితే "పెంచి పోషించి చంపిస్తారా, పాపం కాదూ" అన్నాడు, చేతిలో చికెన్ పఫ్ పట్టుకుని. గుడి బయటేలెండి.

వీటన్నిటికంటే మండేది వేరే. కర్నూలు పడమట, అనంతపురం వైపు రైతునడగండి జింకంటే ఏంటో. కృష్ణజింకల మంద రాత్రికి రాత్రి దిగి పప్పుశనగ మొలకలు మేసి పోతుంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, చెయ్యి వేస్తే జైలు. వాళ్ళు డబ్బాలు కొడుతూ చేలో జాగారం చేస్తుంటే ఇక్కడ మేం జింక రాలేదని దిగులు పడుతున్నాం. ఈ ముక్క గ్రూపులో అంటే "నెగెటివ్‌గా మాట్లాడకు" అంటారు.

నెగెటివ్ అంటే గుర్తొచ్చింది. మా నాయన చెనిక్కాయ చేలో కంది సాళ్ళు వేసేవాడు, మధ్యలో అలసంద, గట్టునెంబడి జొన్న, దాని మీదికి అనప తీగ. వాన ఎగ్గొట్టి చెనిక్కాయ పోయినా కంది మిగిలేది, పశువులకి చొప్ప, ఇంట్లోకి పప్పు. అప్పుడు మా బంధువుల్లోనే ఒక పెద్దమనిషి, విత్తనాలూ మందుల అంగడి పెట్టుకున్నాయన, ఇంటికొచ్చి మా నాయన్ని నలుగురిలో ఎగతాళి చేశాడు. "ఇదేం చేను రెడ్డీ, చిల్లర కొట్టా? కాలం మారింది, అన్నీ పీకేసి ఒకటే పంట వెయ్యి, దిగుబడి చూడు." మా నాయన పీకాడు. ఆ తర్వాత వానలు రాని ఏళ్ళల్లో చేలో మిగలడానికి ఏమీ లేకపోయింది. అంగడి అప్పు మాత్రం ఏటా పండింది. ఆ అప్పు కిందే పై చేను పోయింది, కొన్నదెవరో మా ఊళ్ళో అందరికీ తెలుసు.

అదే పెద్దమనిషి ఈమధ్య ఫ్యామిలీ గ్రూపులో రోజుకో ఫార్వర్డు పెడుతున్నాడు. మన పూర్వీకుల మిశ్రమ సేద్యం, చిరుధాన్యాల గొప్పదనం, అమెరికా వాళ్ళు మనల్ని చూసి నేర్చుకుంటున్నారు అని. బావతో సహా మా చుట్టాలంతా కింద వరసగా దండాలు పెడుతున్నారు. నేను పెట్టను.