పని అప్పగిస్తే సరిపోదు, నిర్ణయమూ అప్పగించాలి
ప్రార్థనా జీవితం బాగుంటే చర్చిలో నాయకత్వం దానంతటదే వస్తుందన్న మాటతో సగమే ఏకీభవిస్తాను. బైబిలులోని నిర్గమకాండము 18వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల నాయకుడు మోషే పొద్దుటినుంచి సాయంత్రం దాకా తగవులు తీరుస్తూ నలిగిపోయింది ప్రార్థన తక్కువై కాదు గదా! మామ యిత్రో చెప్పిన మందు పని పంచడం: వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్క పెద్ద, కష్టమైన వ్యాజ్యాలే మోషే దగ్గరికి. ఇంట్లో జరిగే చిన్న బైబిలు అధ్యయనానికీ ఇదే దారి. కొత్తగా నడపబోయేవారు రెండు వారాలు పక్కన కూర్చుని చూడాలి, మరో రెండు వారాలు సగం నడపాలి, ఆపైన అంతా వాళ్లదే, మీరు వెనక వరసలో. మధ్యలో కల్పించుకుని సరిదిద్దారో, కథ మళ్లీ మొదటికే. చెప్పాల్సింది ఏమైనా ఉంటే అయిపోయాక, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ఎక్కువగా చెడేది ఎక్కడంటే, పని అప్పగించి నిర్ణయం మాత్రం దగ్గర పెట్టుకుంటారు. జనం ప్రతిదానికీ పాత మనిషికే ఫోన్ చేస్తారు. ఇక నాయకుల ఎంపిక సంగతి: బైబిలులోని 1 తిమోతి పత్రిక 3వ అధ్యాయంలో సంఘ నాయకులకు చెప్పిన అర్హతల్లో నైపుణ్యం అనదగ్గది దాదాపు బోధించగలగడం ఒక్కటే, మిగతాదంతా ఇంట్లోవాళ్లు రోజూ చూసే నడవడి. బాగా పాడతాడని ఎంచుకునేవాళ్లు ఆ అధ్యాయం ఇంకోసారి చదవాలి. కానుకల లెక్క మాత్రం ఎంత నమ్మకస్తుడైనా ఒక్కడి చేతిలో పెట్టకండి; బంధుత్వం లేని ఇద్దరు అక్కడే లెక్కపెట్టి, అదే రోజు రాసి సంతకాలు చేయాలి.