గట్టు చెక్కేవాడి భయం

మొన్న సంక్రాంతికి గుంటూరు వెళ్లాను. బ్రాడీపేటలో మా బాబాయి ఇంటి వరండాలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం గురించి మాట మొదలై, పెసరట్లు చల్లారిపోయేదాకా సాగింది. "ఒరేయ్, శత్రువు వచ్చి మన గుమ్మం ముందు తుపాకీ పెట్టుకుని కూర్చుంటే ఊరుకుంటామా? రష్యా చేసిందీ అదే" అన్నాడాయన.

ఆ అభిమానం ఎక్కడిదో నాకు తెలుసు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో సోవియట్ యూనియన్ మన పక్కన నిలబడింది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విజయవాడ విశాలాంధ్రలో చవగ్గా దొరికేవి. బాబాయి కొనిపెట్టినవి నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ సోవియట్ యూనియన్‌లో ఉక్రెయిన్ కూడా ఉంది. మన కృతజ్ఞతలో వాళ్లకీ వాటా ఉంది.

రష్యాకున్న భయం అబద్ధమని నేననను. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో 1999లో పోలండ్ దాకా, 2004లో బాల్టిక్ దేశాల దాకా వచ్చింది. 2008లో బుకారెస్ట్‌లో ఉక్రెయిన్, జార్జియా కూడా సభ్యులవుతాయని ప్రకటించింది. ఎప్పుడో చెప్పలేదు, ఈలోగా రక్షణ ఎవరిదో చెప్పలేదు. అది తప్పేనని నా అభిప్రాయం. అయితే భయపడటం వేరు, భయమేసింది కాబట్టి పక్కింట్లోకి ట్యాంకులు తోలతాననడం వేరు.

ప్రత్తిపాడు వైపు మా పొలం పక్క రైతు ఏటా దుక్కిలో గట్టును కాస్త కాస్త చెక్కేవాడు. అడిగితే "మీ నీళ్లు నా మిరపలోకి వస్తున్నాయి" అనేవాడు. నీళ్లు వచ్చిన మాట నిజమే. కాలవ తీసుకోవచ్చు, పెద్దమనుషుల్లో పెట్టొచ్చు. ఆయన మాత్రం గట్టే జరిపాడు, అదీ మా వైపుకే. సర్వేయర్‌ని పిలిపించి కొలిపిస్తే ఆరు సెంట్లు తేలాయి. ఆ ఆరు సెంట్ల కోసం చెప్పులరిగేలా తిరిగింది మా బాబాయే.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. 1994లో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ తన నేల మీదున్న అణ్వాయుధాలు వదులుకుంది. నీ సరిహద్దుల్ని గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్‌లతో పాటు రష్యా కూడా సంతకం పెట్టింది. ఇరవై ఏళ్లకు ఉక్రెయిన్‌లోని క్రిమియాను ఆ రష్యాయే లాగేసుకుంది. మరి భద్రత గురించి టెన్షన్ పడాల్సింది ఎవరు?

ఫిన్లాండ్‌నే చూడండి. 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. రష్యాతో దానికి 1,340 కిలోమీటర్ల సరిహద్దు. సెయింట్ పీటర్స్‌బర్గ్ అక్కణ్ణించి ఇంచుమించు విజయవాడ నుంచి ఒంగోలంత దూరం. అయినా రష్యా దాని మీద దండెత్తలేదు. అసలు బాధ నాటో ఒక్కటే అయితే అలా ఊరుకునేది కాదు. ఉక్రేనియన్లు, రష్యన్లు ఒకే జాతి అంటూ 2021 జులైలో పుతిన్ పెద్ద వ్యాసమే రాశాడు. యుద్ధానికి కారణం నాకు అందులోనే ఎక్కువ కనిపిస్తుంది.

నేను ఉంటున్న అమెరికాకూ ఇదే కొలత. 1961లో క్యూబా మీదికి ఆ దేశపు ప్రవాసుల్నే ఎగదోసినప్పుడూ, 2003లో ఇరాక్ మీద పడ్డప్పుడూ చెప్పింది భద్రత పేరే. అవీ తప్పే. 1962 అక్టోబరులో చైనా మన మీదికి వచ్చింది. టిబెట్, అక్సాయ్‌చిన్ గుండా వేసుకున్న రోడ్డు దానికి భద్రత కిందే లెక్క. బాబాయి వాదన ఒప్పుకుంటే ఆ దాడినీ ఒప్పుకోవాలి. ఆ మాట అనేసరికి ఆయనకు కోపం వచ్చింది. నాకూ గొంతు పెరిగింది.

అప్పుడు మాట్లాడింది పక్కింటి అమ్మాయి. ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతుండగా యుద్ధం వచ్చింది. మెట్రో స్టేషన్ మెట్ల మీద రాత్రుళ్లు గడిపింది. 2022 మార్చి 2న, సాయంత్రం ఆరు లోపల నడిచైనా సరే ఊరు దాటమని మన రాయబార కార్యాలయం చెప్పింది. మంచులో పెసోచిన్ అనే పక్క ఊరి దాకా నడిచారట. "మా హాస్టల్ వంటావిడ మాకు రొట్టెలు కట్టిచ్చింది, అన్నా. తను మాత్రం రాలేదు. ఎక్కడికి పోతుంది, ఆవిడ ఇల్లు అదే కదా" అంది.

సరిగ్గా అదే రోజు ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఓటింగ్ జరిగింది. రష్యా వెనక్కి వెళ్లాలని 141 దేశాలు అన్నాయి, 5 కాదన్నాయి. ఎటూ ఓటెయ్యని 35 దేశాల్లో మనదీ ఒకటి. విద్యార్థుల్ని బయటికి తేవాలి, ఆయుధాల విడిభాగాలు రష్యా నుంచే రావాలి, ఆ ఇబ్బందులు నాకు అర్థమవుతాయి. కానీ 1962 నవంబరులో సాయం చెయ్యండని అమెరికాకు ఉత్తరాలు రాసింది మన ప్రధానే. ఆ సంగతి తెలిసిన దేశంగా ఆ రోజు మనం ఓటు వెయ్యాల్సింది.