నలభై దాటి వీణ పట్టినవారికి రెండు గంటల సాధన ఎందుకు?

నలభై దాటాక వీణ నేర్చుకోవాలని కూర్చున్నవారు మొదటి వారంలోనే గురువును అడిగే ప్రశ్న, రోజుకు ఎన్ని గంటలు సాధన చేయాలని. చాలాచోట్ల వచ్చే జవాబు కూడా ఒకటే, కనీసం రెండు గంటలు. ఉద్యోగం, వంట, పిల్లల చదువులు, ట్రాఫిక్ పోగా రోజూ రెండు గంటలు మిగిలే సంసారులు మన ఊళ్లలో ఎందరుంటారో వేరే చెప్పనక్కర్లేదు. పదిహేను రోజులు ఎలాగో నెట్టుకొస్తారు, ఆ తర్వాత సాధనంతా ఆదివారానికి వాయిదా వేసి ఏకబిగిన మూడు గంటలు కూర్చుంటారు, మరికొన్నాళ్లకు వీణకు గుడ్డ కప్పి గోడవారగా చేర్చేస్తారు. దానికి వారి బద్ధకాన్ని తిట్టిపోయడం మనకు అలవాటు. నా దృష్టిలో అసలు దోషం ఆ రెండు గంటల జవాబుది. పెద్ద వయసులో మొదలుపెట్టినవారికి రోజుకు అరగంట చాలు, పొద్దున పావుగంట, రాత్రి పావుగంటగా విడదీసుకుంటే మరీ మంచిది. అయితే అది రోజూ జరగాలి.

ఏ విద్యలోనైనా ఆరితేరాలంటే పదివేల గంటల సాధన కావాలనే సిద్ధాంతం గురించి వినని పాఠకులు ఈ రోజుల్లో అరుదు. దాని మూలం మాత్రం గుర్తుచేయాలి. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు మనస్తత్వవేత్తలు బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులపై ఒక పరిశోధన ప్రచురించారు. ఆ విద్యార్థులు సగటున ఎనిమిదో ఏట వయొలిన్ పట్టి, దాన్నే వృత్తిగా ఎంచుకున్నవారు. వారిలో మేటివారు ఒంటరిగా చేసే సాధన వారానికి సుమారు 24 గంటలు, అంటే రోజుకు మూడున్నర గంటలు. అదీ విడతలు విడతలుగా, మధ్యాహ్నం ఒక కునుకు తీసి మరీ చేసేవారు. సంగీతమే జీవితంగా ఎంచుకున్న యువతే మూడున్నర గంటల దగ్గర ఆగినప్పుడు, ఆఫీసు నుంచి వచ్చి రాత్రి తొమ్మిదింటికి వీణ ముందు కూర్చున్న మనిషిని రెండు గంటలు అడగడం ఏ లెక్కన న్యాయం?

నాకు ఇంతకంటే ఎక్కువ పనికొచ్చిన ఆధారం సంగీతానికి సంబంధించింది కాదు, బ్రిటిష్ తపాలా శాఖకు సంబంధించింది. అక్కడి ఉద్యోగులకు కీబోర్డు మీద టైపు నేర్పవలసి వచ్చినప్పుడు అలన్ బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు వారిని నాలుగు జట్లుగా విడగొట్టి చూశారు. 1978లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. రోజుకు ఒక గంట చొప్పున నేర్చుకున్న జట్టు ఒకటి, రెండేసి గంటల చొప్పున పూటకోసారి, అంటే రోజుకు నాలుగు గంటలు నేర్చుకున్న జట్టు ఇంకొకటి, ఆ రెంటికీ నడుమ మిగతా రెండు. అదే పని నేర్చుకోవడానికి గంట జట్టుకు అందరికంటే తక్కువ గంటలు పట్టాయి, నాలుగు గంటల జట్టుకు అందరికంటే ఎక్కువ పట్టాయి. నేర్చుకుంటున్నది పెద్దవాళ్లు, పని వేళ్లది, అలవాటు పడవలసింది కొత్త వరుస. వీణ విద్యార్థికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. ఇందులో మరో విశేషం ఉంది. అంత బాగా నేర్చుకున్న ఆ గంట జట్టే శిక్షణ పట్ల అందరికంటే అసంతృప్తిగా ఉంది, ఎందుకంటే రోజుల లెక్కన చూస్తే తాము వెనకబడ్డట్టు వారికి కనిపించింది. అరగంట సాధన చేసే గృహిణికో బ్యాంకు ఉద్యోగికో మనసులో మెదిలే దిగులు సరిగ్గా ఇదే, ఆ దిగులును చూసి గురువులు గంటలు పెంచమంటారు.

అరగంటలో ఏం అవుతుందనేవారు కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాల్లో ఒక్కదాన్ని దగ్గరగా చూడాలి. ఆ పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో, వీణ మీద మొదటి తంత్రి అయిన సారణిని వట్టిగా మీటితే షడ్జం, మొదటి మెట్టు మీద రిషభం, నాలుగో మెట్టు మీద గాంధారం, దాని పక్క మెట్టే మధ్యమం. వీణ మీద పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి, మొదట్లోనే వాటి మధ్య ఎడం ఎక్కువ, కాబట్టి రి నుంచి గకు ఎడమచేతి రెండు వేళ్లూ ఒక పెద్ద అంగ వేయాలి, గ నుంచి మకు మాత్రం చిన్న అడుగు చాలు. మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో, తప్పు తెలియదు. దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో గాంధారం మెట్టు వెనకే పడి తంత్రి బరబరమంటుంది, మూడో కాలంలో కుడిచేతి మీటు ఒకచోట, ఎడమచేతి వేలు ఒకచోట ఉంటాయి. ఈ ఒక్క అంగను రెండో కాలంలోనే పావుగంట పాటు, చెవి పెట్టి, తప్పినచోట ఆగి దిద్దుకుంటే మర్నాటికి చేయి దారి కనుక్కుంటుంది. అదే మొత్తం సరళీ స్వరాలను, ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే జంట స్వరాలను రెండు గంటలు పరుగెత్తిస్తే తప్పు గట్టిపడుతుంది, పైగా ఇంకా కాయకాయని వేలి కొసలు గాట్లు పడి మూడు రోజులు తంత్రి ముట్టనివ్వవు.

చేయి లొంగాలంటే గంటలు ధారపోయవలసిందేనని, మహావిద్వాంసులందరూ అలా పైకొచ్చినవారేనని పెద్దలు అంటారు. వేదిక ఎక్కదలచినవారి విషయంలో ఆ మాటతో నాకు పేచీ లేదు. ఈ తొలి పాఠాలు దాటి వర్ణాలనే పెద్ద రచనల దశకు వచ్చాక పాత పాఠాలు తిరగేయడానికే అరగంట చాలదన్నదీ ఒప్పుకోదగిందే, అప్పుడు ముప్పావుగంటో గంటో చేసుకోవచ్చు. అయితే అప్పటిదాకా ఆ మనిషి వీణను వదలకుండా ఉండాలి కదా.

ఈ గంటల పిచ్చి మనకు సంగీతం నేర్పింది కాదు. ఇవాళ నలభైల్లో ఉన్న తెలుగువారిలో ఎంతోమంది ఇంటర్మీడియట్‌ను తెల్లవారుజాము స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టళ్లలో గడిపి ఎంసెట్ రాసినవారు. ఎంత తలకెక్కిందన్నది ఎవరూ చూడలేదు, ఎంతసేపు బల్ల ముందు కూర్చున్నాడన్నదే చూశారు. ఆ కొలబద్దనే వారు ఇప్పుడు వీణకూ పట్టుకొచ్చారు. డాలస్‌లో కూర్చుని విజయవాడ గురువు దగ్గర ఆన్‌లైన్ పాఠం వింటున్నవారిదీ అదే లెక్క. పైగా ఏ పనైనా ర్యాంకుకో, సర్టిఫికెట్‌కో, అరంగేట్రానికో దారితీయకపోతే కాలక్షేపం కింద జమకట్టే సమాజం మనది. పెద్దమనిషి ఒకరు తన ఇంట్లో, తన కోసం, ఓ మోస్తరుగా ఒక కృతి వాయించుకోవడానికి ఇందులో చోటు లేదు. పుస్తకం చదివేవారందరినీ రచయితలు కమ్మని అడగం, సాయంత్రం నడకకు వెళ్లేవారిని పతకం ఏదని నిలదీయం, వీణ పట్టినవారిని మాత్రం కచేరీ ఎప్పుడని అడుగుతాం.

1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ఇవాళ్టికీ నడుస్తోంది, విజయవాడలో ఘంటసాల పేరిట, హైదరాబాద్‌లో త్యాగరాజు పేరిట ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. వీటి చదువు సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షల చుట్టూ అల్లుకున్నది, వృత్తిలోకి వెళ్లేవారికి అది అవసరమే. వాటి పక్కన, పరీక్షతో నిమిత్తం లేని తరగతి ఒకటి ఉద్యోగస్తుల కోసం సాయంత్రాలు పెట్టాలి, అందులో వారానికి ఇచ్చే పాఠాన్ని రోజుకు అరగంటకు సరిపడేలా కొలిచి ఇవ్వాలి: ఒక జంట స్వరం, దానిలో చేయి తడబడే చోటు ఏదో గురువు స్వయంగా గుర్తుపెట్టి, రెండు కాలాల్లో మాత్రమే. ప్రైవేటుగా చెప్పే గురువులైతే దీనికి ఏ ప్రభుత్వ ఉత్తర్వు కోసమూ ఆగనక్కర్లేదు, వచ్చే వారం శిష్యులు వచ్చినప్పుడు ఎన్ని గంటలు చేశారని కాకుండా ఎన్ని రోజులు కూర్చున్నారని అడిగితే చాలు.