యూగ్లీనాకు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్

"వృక్ష, జంతువుల మధ్య సంధాన సేతువు ఏది?" ఈ బిట్ చూడని నిరుద్యోగి తెలుగు నేల మీద ఉండడు. జవాబు యూగ్లీనా, నీళ్లలో పచ్చగా ఉండి ఈదే ఏకకణ జీవి. టీచరు పోస్టుకి చదివినా ఇదే, గ్రూప్స్‌కి చదివినా ఇదే. రేపు దొంగల్ని పట్టాల్సిన కానిస్టేబులుకు యూగ్లీనాతో పనేమిటని అడక్కండి. దొంగ ఏ వంతెన మీదుగా పారిపోతాడో ఎవరికి తెలుసు?

సేతువంటే రెండు ఒడ్లుండాలి కదా. ఈ ఒడ్డున చింతచెట్టు, ఆ ఒడ్డున గేదె. నడుమ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పొడవైనా సరిగా లేని యూగ్లీనా నడుం వంచి నిలబడితే, దాని వీపు మీదుగా చింతచెట్టు నడుచుకుంటూ వచ్చి గేదె అయిపోయిందన్నమాట. గైడు రాసినాయన కళ్లతో చూసినట్టే ఉన్నాడు.

చుట్టరికాలు అలా లేవు. మొక్కలకు దగ్గరి బంధువులు మన చెరువు పాచిలో పట్టుదారాల్లా జారిపోయే స్పైరోగైరా, దాని తోటివాళ్లు. గేదెకు చింతచెట్టు కన్నా పుట్టగొడుగు దగ్గరి చుట్టం. యూగ్లీనాకు ఈ రెండు పెళ్లిళ్లలోనూ పిలుపు లేదు. దాని సొంత చుట్టాలు పశువులకు సర్రా తెచ్చే ట్రిపనోసోమా, మనుషులకు కాలా అజార్ తెచ్చే లీష్మానియా. ఇలాంటి వియ్యంకులున్నారని తెలిస్తే గైడు దాన్ని అంత గౌరవంగా సేతువు అనేది కాదేమో.

ఇంతకీ దానికి జరగాల్సిన న్యాయం ఒక్కటే. రెవెన్యూ ఆఫీసుకు వెళ్లి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. వెళ్లిందనే అనుకుందాం.

"పేరు?"

"యూగ్లీనా అండీ."

"మొక్కా, జంతువా?"

"రెండూ కాదండీ."

"అలాంటి కాలమ్ లేదు. ఆ ఆకుపచ్చ ఎక్కడిది?"

"పూర్వం మా పెద్దలు ఓ ఆకుపచ్చ శైవలాన్ని, అదే నాచు కణాన్ని, మింగారండీ. అరిగించుకోకుండా ఉంచేసుకున్నారు. అప్పట్నుంచి వంటంతా ఆయనే."

"ఇల్లరికమన్నమాట. మరి అల్లుడి ఇంటిపేరు మామకెలా వస్తుందమ్మా?"

చూశారా, గుమాస్తాకు అర్థమైంది. గైడుకు అర్థం కాలేదు.

"సాక్ష్యం?"

"పొరలు లెక్కపెట్టండి. వరి ఆకులో హరితరేణువుకు రెండు పొరలు. నా అల్లుడికి మూడు. మింగినప్పటి గుర్తండీ అది."

"అవి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కిందే కనిపిస్తాయి. ఆఫీసులో ఫ్యానే తిరగదు. ఇంకేమైనా ఉందా?"

ఉంది, పైగా చవక. పశువులు దిగే రేవు దగ్గర పచ్చగా ఉన్న నీళ్లు తెచ్చి ఒక చుక్క స్లైడు మీద వేయాలి. పరుగెత్తేవి కాస్త ఆగేలా నాలుగు దూదిపోగులు పరిచి కవర్‌స్లిప్ మూయాలి. ముందు 10 ఎక్స్ వస్తుకటకంతో వెతికి, దొరికాక 40కి మారాలి. తర్వాత కవర్‌స్లిప్ ఒక అంచున అయోడిన్ చుక్క వేసి, ఎదుటి అంచున అద్దుడు కాగితం పెడితే అయోడిన్ లోపలికి పాకుతుంది. పక్కన స్పైరోగైరా పోగు ఉంటే దాని పిండి నిల్వలు నల్లనీలంగా మారతాయి. యూగ్లీనా మాత్రం పసుపు గోధుమ రంగుకొచ్చి చస్తుంది గానీ నీలం కాదు. దాని నిల్వ పిండి కాదు, పారమైలాన్ అనే వేరే పదార్థం. అయోడిన్ ఎక్కువ పోస్తే అన్నీ నల్లబడి ఏదీ తెలియదు, అందుకే ఒక్క చుక్క. చచ్చేటప్పుడు దాని కశాభం, అంటే ఈదే తోక, కూడా స్పష్టంగా కనబడుతుంది, అది అదనపు లాభం.

"సరే, ఆ అల్లుడు వెళ్లిపోతే?"

"యూగ్లీనా గ్రాసిలిస్ అని మా ఇంట్లో ఒకరికి స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారండీ. అల్లుడు పోయాడు. ఆమె తెల్లగా అయిపోయి, తిండి పెడితే తింటూ పిల్లల్ని కంటూనే ఉంది. పిల్లలూ తెల్లగానే పుట్టారు."

"అంటే మందుకు ముందు మొక్క, మందు తర్వాత జంతువా? ఒకే ఆధార్ మీద రెండు కార్డులు కుదరవు. 'ఇతరులు'లో వేస్తున్నాను, తర్వాతి వాళ్లు రండి."

ఆ 'ఇతరులు' కాలమే ప్రొటిస్టా. 1866లో జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ పేరు పెట్టాడు. 1969లో అమెరికన్ శాస్త్రవేత్త విట్టేకర్ జీవులన్నిటికీ అయిదు రాజ్యాలు గీసి, ఎక్కడా ఇమడని వాటిని ఇందులో పోశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. పోల్చి చూడటానికి డీఎన్ఏ వరుసలు అప్పటికి చేతిలో లేవు, ఉన్న సరుకుతో ఇల్లు కట్టాడు. తర్వాత వరుసలు వచ్చాయి. ప్రొటిస్టుల మీద పనిచేసే శాస్త్రవేత్తల సంఘం 2005లో కొత్త వర్గీకరణ ప్రకటించింది. 2012లో ఒకసారి, 2019లో ఇంకోసారి దిద్దింది. మన గైడు మాత్రం 1969లో దిగిన స్టేషన్లోనే కూర్చుని టీ తాగుతోంది. మలేరియా తెచ్చే ప్లాస్మోడియంనే చూడండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దాన్ని దోమ కడుపులో పట్టుకున్నాడని ఏటా తలుచుకుంటాం. ఆ ప్లాస్మోడియం లోపల ఎర్ర శైవలం నుంచి వచ్చిన, రంగు వెలిసిపోయిన ప్లాస్టిడ్ (హరితరేణువు జాతిది) ఒకటుందని, డాక్సీసైక్లిన్ మందు దెబ్బకొట్టేది దానినేనని ఏ బిట్టూ అడగదు.

మళ్లీ ఆఫీసుకొద్దాం. క్యూలో ఇప్పుడు ముగ్గురు తోబుట్టువులు. ముప్పై మీటర్ల సముద్రపు నాచు కెల్ప్, గాజుపెట్టెలో కూర్చున్న ఏకకణ శైవలం డయాటమ్, బత్తాయి తోట నుంచి వచ్చిన తెగులు జీవి ఫైటోఫ్తోరా. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయిన అన్నదమ్ములకు సినిమాల్లో ఒకే చోట పుట్టుమచ్చ ఉంటుంది చూడండి, వీళ్లకూ ఉంది. నీళ్లలో ఈదే కణానికి ఈక లాంటి వెంట్రుకలున్న కశాభం. కెల్ప్‌కు, ఫైటోఫ్తోరాకు దాని పక్కన నున్నటిది ఇంకొకటి. గుమాస్తా మచ్చ చూడలేదు. కెల్ప్ పచ్చగోధుమగా ఉందని మొక్కల కౌంటరుకు, డయాటమ్ చిన్నగా ఉందని 'ఇతరుల'కు, ఫైటోఫ్తోరా బూజులా ఉందని శిలీంధ్రాల కౌంటరుకు పంపాడు. విట్టేకర్ పంచింది సరిగ్గా ఇలాగే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ మూడో కౌంటరు దగ్గర నవ్వు రాదు.

ఫైటోఫ్తోరా పడితే నల్గొండలోనో అనంతపురంలోనో బత్తాయి చెట్టు మొదట్లో బెరడు చిట్లి బంక కారుతుంది. ఆకులు పసుపెక్కుతాయి, కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వస్తాయి. రైతు బెరడు ముక్క పట్టుకుని మందుల దుకాణానికి వెళ్తాడు. కౌంటరు వెనకున్నవాడు ఈ బిట్లే బట్టీపట్టి పాసైన బాపతు. "ఫంగస్ అన్నా" అంటాడు. హెక్సాకొనజోల్ సీసా ఒకటి, కార్బెండజిమ్ ప్యాకెట్టు ఒకటి చేతిలో పెడతాడు. హెక్సాకొనజోల్ పని శిలీంధ్రం తన పొర కోసం చేసుకునే ఎర్గోస్టెరాల్‌ను ఆపడం. ఫైటోఫ్తోరా ఎర్గోస్టెరాల్ చేసుకోదు, కావలసిన స్టెరాల్ చెట్టు దగ్గరే లాక్కుంటుంది. లేనిదాన్ని ఏం ఆపుతావురా? తలుపే లేని ఇంటికి తాళం అమ్మి డబ్బు తీసుకోవడం కాదూ ఇది? కార్బెండజిమ్‌దీ అదే కథ, ఈ జాతి మీద దానికి పట్టు లేదు. రైతు రెండుసార్లు కొడతాడు, బంక కారుతూనే ఉంటుంది, మూడోసారి మోతాదు పెంచమంటారు. అయిదారేళ్లు పెంచిన చెట్టు కళ్లముందే ఎండిపోతే అది వాడి ఖర్మ, నేల దోషం, ఎండ దెబ్బ. వర్గీకరణ తప్పు అని మాత్రం ఎవరూ అనరు. చదువుకున్నవాడి బద్ధకానికి చదువుకోనివాడు బిల్లు కడుతున్నాడు. సిగ్గుండాలి.

పుట్టుమచ్చ చూసి ఉంటే దారి అక్కడే దొరికేది. ఈదే తోకలున్నది నీళ్లలోనే కదా ప్రయాణించేది? కాబట్టి నీరు మొదలును తాకకూడదు. చెట్టు చుట్టూ రెండు గట్లు వేసి, బయటి వలయంలోనే నీళ్లు పారించాలి. అంటు కట్టిన చోటు మట్టికి జానెడైనా పైనుండాలి, పాదు చేసేటప్పుడు దాన్ని మట్టితో కప్పేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. కుళ్లిన బెరడును మంచి భాగం కనిపించేదాకా చెక్కి, బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. రెండూ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోస్తూ కలియబెట్టాలి. ఇనుప బకెట్ వాడితే రాగి దానికే పడుతుంది. మందే కొనాలంటే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసినది అడగండి. అదీ పదేపదే అదే వాడితే తెగులు దానికి అలవాటు పడిపోతుంది.

అన్నట్టు బోర్డో మిశ్రమం పుట్టింది 1885లో, ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో బూజు తెగులును ఆపడానికి. ఆ తెగులు కూడా ఈ కెల్ప్ ఇంటివాళ్లదే.

వచ్చే నోటిఫికేషన్‌లో సేతువు బిట్ మళ్లీ వస్తుంది. యూగ్లీనా అనే గుర్తు పెట్టండి, మార్కు పోగొట్టుకోవద్దు. తోటకు వెళ్లేటప్పుడు మాత్రం గైడు ఇంట్లో పడేసి, తోమిన ఇనుప చాకు ఒకటి వెంట తీసుకెళ్లండి. కలిపిన బోర్డోలో ఓ నిమిషం ముంచి తీయండి. చాకు మీద ఎర్రగా రాగి పేరుకుంటే సున్నం ఇంకా తక్కువైనట్టు.